తొమ్మిదో నంబర్ జెర్సీ

గాజువాక,
19 జనవరి 2025

చి. సత్యశ్రీకి మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అత్త మోకాలు దాని దారిన అది నొప్పెడుతోంది, ఆవిడ దారిన ఆవిడ నడుస్తోంది.

నిన్ను సెక్టర్ 6 ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకి కోచ్‌గా వేశారని మీ అత్త చెప్పింది. ఆ రోజు నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావట. నేను మాట్లాడలేదని మనసులో పెట్టుకోకు. ఫోన్ ఊసుపోని వాళ్ళకి. ఇలాంటి మాట కాగితం మీద ఉండాలి, పదేళ్ళ తర్వాత కూడా తీసి చదువుకునేలా. అందుకే రాస్తున్నాను. నాకు చాలా గర్వంగా ఉందమ్మా. పదేళ్ళప్పుడు నీ గ్లవ్ నీ తలకంటే పెద్దది. ఎండకి దాన్నే నెత్తిన బోర్లించుకుని నా పక్కన కూర్చుని స్కోర్ రాయడం నేర్చుకున్నావు. బడిలో అంతా హిందీయే కదా, తెలుగు అక్షరాలు కూడా నీకు ఆ స్కోరు పుస్తకంలోనే వచ్చాయి. ఇవాళ అదే గ్రౌండ్‌కి నువ్వు కోచ్‌వి. మీ అమ్మ ఉండి ఉంటే వీధంతా తిరిగి చెప్పుకునేది.

ఇక పనిలోకి వస్తాను. భిలాయి రైల్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు నా పని ఏమిటి? రేపటి షిఫ్ట్‌లో ఎన్ని పట్టాలు దిగుతాయో ఇవాళే లెక్క కట్టి చెప్పడం. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేసినా ఆ జబ్బు పోలేదు. కిందటి మార్చిలో అక్కడికి వచ్చి పది మ్యాచ్‌లకీ స్కోర్ రాశాను కదా, ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఈ సీజన్‌లో మన బ్యాటింగ్ ఎలా ఉండబోతోందో అంచనా వేశాను. కాగితం దీంతో పెట్టాను.

మీ అత్త తొంగి చూసి, "ఏటిది, ఎవులు ముందాడితే ఏటి, ఎనకాడితే ఏటి? అందరూ ఆడతారు గదా" అంది. ఆవిడకి చెప్పిందే నీకూ చెప్తాను, తెలిసిందే అయినా విను. క్రికెట్‌లో ఔటైతే కథ అయిపోయింది. ఇక్కడ తొమ్మిది మంది వరసగా వస్తారు, తొమ్మిదో పిల్ల తర్వాత మళ్ళీ మొదటి పిల్ల. ఆ మొదటి పిల్ల ఎలాగైనా మొదటి బేస్ చేరాలి. కొట్టి చేరినా సరే, పిచర్ వేసిన నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే నడిచి చేరినా సరే. నాలుగో పిల్ల గట్టిగా కొట్టి, బేసుల మీద ఉన్నవాళ్ళని ఇంటికి, అంటే బయలుదేరిన బేస్‌కే తిరిగి పంపాలి, అప్పుడే పరుగు. మొదటి చోట ఓపిక, నాలుగో చోట బలం.

కిందటేడు మనం మ్యాచ్‌కి నాలుగు పరుగులు చేశాం. ఈ ఏడు అయిదు వస్తాయని నా అంచనా. ఆరుకి అడ్డం ఒక్కటే, మనకి మొదటి పిల్ల లేదు. ఉన్నవాళ్ళెవరికీ బంతి వదలడం రాదు. నాలుగో చోటు గురించి మాత్రం నాకు దిగులు లేదు. తొమ్మిదో నంబర్ జెర్సీ మణిమాల, నాతో రైల్ మిల్లులో చేసిన నరసింగరావు మనవరాలు. కిందటేడు నలభై రెండుసార్లు బ్యాటింగ్‌కి దిగి ఇరవై ఒక్కసార్లు బేస్ చేరింది. పన్నెండు హిట్లు, తొమ్మిదిసార్లు బంతులు వదిలి నడక. సరిగ్గా సగం. ఇరవై రెండేళ్ళుగా ఈ పుస్తకాలు రాస్తున్నాను, బలమూ ఓపికా రెండూ ఉన్న ఇలాంటి పిల్లని చూడలేదు.

జవాబు రాయి. ఫోన్ చెయ్యకు.

నీ మావయ్య
గురునాథరావు


సెక్టర్ 6, భిలాయి,
27 జనవరి 2025

మావయ్యకి నమస్కారాలు. అత్తకి కూడా, ఆవిడ మోకాలికి కూడా.

మీ అంచనా కాగితం మా ఫ్రిజ్ మీద అంటించాను. పిల్లలు ఇంటికొస్తే ముందు అదే చూస్తున్నారు. ఒక్కొక్కళ్ళ గురించి మీరు పక్కన రాసిన మాటలు హిందీలో చదివి వినిపిస్తే సిగ్గుపడి చచ్చిపోతున్నారు. మూడో బేస్ పిల్ల అయితే 'చెయ్యి వేగం, కాలు బద్ధకం' అన్న మాటని తన వాట్సాప్‌లో పెట్టుకుంది. ముప్పై ఒక్కేళ్ళొచ్చినా మీ చేతిరాత చూస్తే నాకు పరీక్ష రాసే ముందు లాగే గుండె కొట్టుకుంటుంది.

నా తెలుగు చూసి నవ్వకండి. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపండి, పాత రోజుల్లో లాగే.

ఇప్పుడు నా కష్టం చెప్తాను. నా దగ్గర పదిహేడు మంది ఉన్నారు. ఫిబ్రవరి 25 లోపు పదహారు పేర్లు, బ్యాటింగ్ వరసతో సహా కమిటీకి ఇవ్వాలి. ఒక పేరు కొట్టెయ్యాలి. మీ పుస్తకం ప్రకారం ఆ పేరు భాగ్యరేఖ, పదిహేనో నంబర్. కిందటేడు మొత్తం మీద నాలుగుసార్లే బ్యాటింగ్‌కి దిగింది, ఒక్క హిట్. కోహ్కా నుంచి సైకిల్ మీద అందరికంటే ముందొచ్చి, ఎవరూ చెప్పకుండానే బేసులు పరుస్తుంది. అందరికంటే తక్కువ మాట్లాడుతుంది. ఈ ఏడాదితో ఆమెకి జూనియర్ వయసు అయిపోతుంది. ఈసారి రాష్ట్ర జట్టులోకి ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు దొరుకుతుంది. లేకపోతే మార్చి నుంచి స్మృతి నగర్‌లో ఒక బట్టల షాపులో నిలబెడతామని వాళ్ళ నాన్న చెప్పారు. ఆమె పేరు కొట్టెయ్యడానికి రెండుసార్లు పెన్ను తీశాను, రెండుసార్లూ మూత పెట్టేశాను. ఎందుకో నాకే తెలీదు. నా దగ్గర కారణం ఏమీ లేదు.

ఇంకొకటి. మణిమాల బ్రహ్మాండంగా కొడుతుంది, నిజం. నిన్న కొట్టిన బంతి గ్రౌండ్ దాటి క్వార్టర్ల వరసలో ఎవరి పెరట్లోనో పడింది. కానీ ఓపిక? నిన్న ముప్పై బంతులు వేయించాను, ఇరవై ఏడింటికి బ్యాట్ ఊపింది. నేల మీద దొర్లేవాటికి కూడా. "మణీ, వదిలెయ్" అంటే "వదిలేస్తే ఎవరైనా తీసుకుపోతారు దీదీ" అని నవ్వుతుంది. ఈ పిల్ల తొమ్మిదిసార్లు బంతులు వదిలి నడిచిందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

తప్పుగా అనుకోకండి, అడక్కుండా ఉండలేకపోతున్నాను. నరసింగరావు తాతయ్య రోజూ ఫ్లాస్కుతో టీ పట్టుకుని గ్రౌండ్‌కి వచ్చి "మీ మావయ్య మా మణి గురించి ఏటి రాసినాడు?" అని అడుగుతున్నారు. మీరిద్దరూ ఒకే షిఫ్ట్‌లో చేశారు. స్నేహం కొద్దీ ఒకటి రెండు చోట్ల చెయ్యి కాస్త ఉదారంగా పడిందేమోనని.

మీ
సత్య


గాజువాక,
3 ఫిబ్రవరి 2025

సత్యశ్రీకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను. ఆ మాట అక్కడే ఉంది.

నరసింగరావుకి నేను ఇరవై ఏళ్ళు నా టిఫిన్ డబ్బాలో సగం పెట్టాను. పరుగులు పెట్టలేదు. 2009 ఫైనల్లో నీ చేతిలోంచి బంతి జారిపోయింది, గుర్తుందా? ఎదుటివాళ్ళ హిట్ అని రాస్తే అడిగేవాడు లేడు. నీ పేరు మీద తప్పు అనే రాశాను. సొంత మేనకోడలివి, మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మీ అమ్మ నాకు మజ్జిగ కూడా పొయ్యలేదు. అయినా ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది. ఇరవై రెండేళ్ళలో నా పుస్తకం తప్పని ఒక్క అంపైరూ అనలేదు. నా చేతులతో అక్షరాలు దిద్దించిన దానివి, నువ్వు అన్నావు.

పోనీలే. కోపంలో నిజం దాచడం నా పద్ధతి కాదు కాబట్టి నీకు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. ఆ పిల్ల పొద్దున్న ఒక మనిషి, మధ్యాహ్నం ఒక మనిషి. పొద్దున్న మ్యాచ్‌లో అడ్డమైన బంతికీ బ్యాట్ ఊపుతుంది. అదే తొమ్మిదో నంబర్ లంచ్ తర్వాత దిగితే మునిలా నిలబడుతుంది. బంతి అంగుళం పక్కకి పోయినా సరే, బ్యాట్ భుజం మీంచి కదలదు. పిచర్లు విసిగిపోయి వాళ్ళంతట వాళ్ళే నాలుగో చెడ్డ బంతి వేసి పంపించేవాళ్ళు. ఎదర ఎండ కళ్ళలో కొడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూసేవాణ్ణి. నా జీవితంలో చూసిన మంచి దృశ్యాలు ఏరి చెప్పమంటే అది అందులో ఉంటుంది. వాళ్ళ తాతా అంతే, అన్నం కడుపులో పడ్డాకే మనిషయ్యేవాడు. కాబట్టి మ్యాచ్‌కి ముందు ఆ పిల్లకి కడుపునిండా పెట్టించు. కిటుకు అంతా అక్కడే ఉంది.

నీ పదిహేనో నంబర్ పిల్ల గురించి జాలిపడుతున్నావు. మంచిదే. కానీ నాలుగు బ్యాటింగ్ వంతులు చూసి నేనేం చెప్పగలను? పుస్తకంలో ఉన్నదే చెప్తాను, లేనిది చెప్పలేను. కోచ్‌వి నువ్వు. కొట్టెయ్యదలిస్తే ఆ పేరే కొట్టెయ్యాలి.

గురునాథరావు


సెక్టర్ 6, భిలాయి,
10 ఫిబ్రవరి 2025

మావయ్యా,

ముందు క్షమించండి. 2009 గీతని మర్చిపోయి ఆ మాట రాశాను. మీ ఉత్తరం మొదట్లో ఆశీస్సులు లేకపోయేసరికి భయం వేసి అత్తకి ఫోన్ చేశాను. ఆవిడ ఏమన్నారో అలాగే రాస్తున్నాను: "ఏటే, మీ మావకి ఏటి రాసినావు? నాలుగు రోజుల్నించి ఆ పుస్తకాలు ముందరేసుకుని కూకున్నారు. అన్నానికి పిలిస్తే పలకరు. మామూలుగానే పలకరనుకో, ఇప్పుడు చెయ్యట్టుకు లాగినా లెగరు." మీకు ఇమ్మన్నాను. మీరు ఫోన్ చూసి బయటికి వెళ్ళిపోయారట.

ఇప్పుడు కూర్చుని చదవండి.

మీరు చెప్పినట్టే చేశాను. శనివారం లంచ్‌కి మా ఇంటికి తీసుకెళ్ళి మణిమాలకి పప్పు, బెండకాయ వేపుడు, పెరుగన్నం పెట్టి, ప్రాక్టీస్‌కి దించాను. అన్నం తిన్న తర్వాత ఇంకా ఎక్కువ ఊపింది. అప్పుడు అడిగాను, "మణీ, కిందటేడు మధ్యాహ్నం మ్యాచ్‌ల్లో అంత ఓపిగ్గా ఎలా ఆడావు?" అని. అది నా మొహంలోకి చూసి, "మధ్యాహ్నం నేనెక్కడున్నాను దీదీ? రెండింటికి కోచింగ్‌లో టెస్ట్ ఉండేది కదా. పొద్దున్న మ్యాచ్ అవగానే స్కూటీ ఎక్కి వెళ్ళిపోయేదాన్ని" అంది.

మరి ఆ జెర్సీలో ఎవరు?

కిందటేడు జట్టుకి పన్నెండు జెర్సీలే వచ్చాయట మావయ్యా. పిల్లలు పదహారు మంది. బయటికి వెళ్ళేవాళ్ళు విప్పి ఇచ్చేవాళ్ళు, లోపలికి వచ్చేవాళ్ళు తొడుక్కునేవాళ్ళు. పదిహేనో నంబర్ కూడా రెండు మ్యాచ్‌ల తర్వాత ఇంకో అమ్మాయికి పోయింది, ఆమెకి బ్యాటింగ్ వంతు రానేలేదు. మణిమాల విప్పిన తొమ్మిదో నంబర్ తొడుక్కుని నాలుగు మధ్యాహ్నాలు ఆడింది భాగ్యరేఖ.

బేసులు సర్దుతున్న దాన్ని పక్కకి పిలిచాను. "నేనే ఆడాను దీదీ" అంది, ఏదో దొంగతనం బయటపడ్డట్టు తల దించుకుని. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే "కిసీ నే పూఛా నహీ" అంది. ఎవరూ అడగలేదట. బ్యాట్ ఎందుకు ఊపేదానివి కాదని అడిగాను. దాని జవాబు నాకు రెండు రాత్రులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. "జెర్సీ మణిది కదా దీదీ. నేను పిచ్చిగా కొట్టి ఔటైతే పేరు తనది పోతుంది. అందుకే మంచి బంతి వచ్చేదాకా ఆగేదాన్ని."

మీరు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది ఆ పిల్లనే.

రాయ్‌పూర్ బదిలీ అయిన పాత కోచ్ రాజాబాబు గారికి ఫోన్ చేసి గట్టిగానే అడిగాను, మార్పు స్కోరర్‌కి ఎందుకు చెప్పలేదని. ఆయన నొచ్చుకున్నారు. ప్రతి మధ్యాహ్నం అంపైర్ మీ బల్ల దగ్గరికి వచ్చి, ఎవరి బదులు ఎవరో పేరుతో సహా చెప్పేవాడట. మీరు తలూపేవారట. "మీ మావయ్యకి మేం చెప్పకుండా ఉంటామా అమ్మా" అన్నారు. నాకేం అర్థం కావడం లేదు. ఎండ దెబ్బకి మర్చిపోయారా?

అది తర్వాత. ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఏ మ్యాచ్ పొద్దున్నది, ఏది మధ్యాహ్నంది అన్నది మీ పుస్తకంలోనే ఉంది. తొమ్మిదో నంబర్‌ని రెండుగా విడదీసి పంపండి. 25 దాటితే ఆ పిల్ల పేరు ఎక్కించడానికి వీల్లేదు. నా మాట మీద కమిటీ వాళ్ళు ఒప్పుకోరు, అంకెలు అడుగుతారు. అంకెలు మీ దగ్గరే ఉన్నాయి.

మీ
సత్య


గాజువాక,
16 ఫిబ్రవరి 2025

అమ్మా సత్యా, ఆశీస్సులు. కిందటి ఉత్తరానివి, ఈ ఉత్తరానివి కలిపి రెండు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. లెక్క రాత్రే అయిపోయింది. కాగితాన్ని మీ అత్త ఇవాళే ఫొటో తీసి నీ ఫోన్‌కి పంపుతుంది. అసలు కాగితం దీంతో స్పీడ్ పోస్ట్‌లో వస్తుంది. గడువు ముఖ్యం, నా పంతం కాదు.

పొద్దున్నవి ఒక కాగితం మీద, మధ్యాహ్నంవి ఒక కాగితం మీద రాశాను. ఇద్దరు మనుషులు వేరువేరుగా లేచి నిలబడ్డారు. ఆరు పొద్దున్న మ్యాచ్‌లు, మణిమాల: ఇరవై నాలుగు వంతులు, తొమ్మిది హిట్లు, అందులో అయిదు దూరం పోయినవి, ఒక్కటే నడక. నాలుగు మధ్యాహ్నాలు, భాగ్యరేఖ: పద్దెనిమిది వంతులు, మూడు హిట్లు, ఎనిమిది నడకలు. పద్దెనిమిదిలో పదకొండుసార్లు బేస్ మీద ఉంది. జట్టులో ఇంకెవరూ సగానికి కూడా చేరలేదు. ఇద్దరి మంచినీ ఒకరి పేరు మీద రాసి, ఇలాంటి పిల్లని చూడలేదని మురిసిపోయాను. చూడకపోవడం నిజమే, అలాంటి పిల్ల అసలు లేదు.

మనకి మొదటి పిల్ల లేదని నెల రోజులుగా ఏడుస్తున్నాను కదా. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. భాగ్యరేఖ మొదట, మణిమాల నాలుగు. పాత అంచనా కొట్టేశాను. కొత్తది మ్యాచ్‌కి ఆరు పరుగులు. ఫ్రిజ్ మీద కాగితం మార్చు.

ఇక తలూపిన సంగతి. ఎండ దెబ్బ కాదమ్మా. నాకు వినపడదు.

రైల్ మిల్లులో ఎర్రగా కాలిన పట్టాని రంపం కోస్తుంటే ఎలా ఉంటుందో నువ్వు ఒకసారి వచ్చి చూశావు, చెవులు మూసుకుని పరిగెత్తావు. నేను ఆ రంపం పక్కన ముప్పై నాలుగేళ్ళు ఉన్నాను. ఎడమ చెవి రిటైరవక ముందే పోయింది. కుడిది ఆరేళ్ళుగా తగ్గుతూ వస్తోంది. చెప్పుకుంటే స్కోర్ బల్ల దగ్గరనుంచి లేపేస్తారని భయం. అంపైర్ వచ్చి పెదాలు కదిపితే తలూపేవాణ్ణి. వీపు మీద నంబర్ ఉంటుంది కదా, అది చూసి రాస్తే చాలనుకున్నాను. నువ్వు కోచ్‌వైన రోజు మూడుసార్లూ ఫోన్ నా చేతిలోనే ఉంది. మీ అత్త ఇచ్చింది. నీ గొంతు వినపడదని తెలిసి, అడిగినదానికి పొంతన లేనిదేదో వాగి నీ మనసు కష్టపెట్టడం ఎందుకని తిరిగి ఇచ్చేశాను. ఫోన్ ఊసుపోని వాళ్ళకని రాశానే, అది అబద్ధం. మీ అత్తకి కూడా నిన్ననే చెప్పాను. ఆవిడ "అయితే ఇన్నేళ్ళూ నా మాటలు ఇనక కాదు, ఇనపడక పలకలేదన్నమాట. నాను ఎన్ని తిట్టుకున్నానో" అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆ తిట్లన్నీ ఒక్కొక్కటీ చెప్పింది. అవి కూడా సగమే వినపడ్డాయి.

నా భయానికి ఒక ఆడపిల్ల బతుకు బట్టల షాపులోకి పోబోయింది. నేనే స్వయంగా రాశాను, 'కొట్టెయ్యదలిస్తే ఆ పేరే' అని. పుస్తకంలో పద్దెనిమిది చోట్ల మణిమాల పేరు ఎర్ర సిరాతో కొట్టి భాగ్యరేఖ పేరు రాశాను. పక్కన 'స్కోరర్ తప్పు' అని సంతకం పెట్టాను. నీ తప్పు రాసిన చేత్తోనే నాదీ రాశాను.

ఈ ఏడాది మార్చికి నేను రాను. వినపడనివాడు ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు. నీకు రాయడం వచ్చు, నా కంటే శుభ్రంగా రాస్తావు. ఇంకెవరికైనా నేర్పు.

నీ మావయ్య


సెక్టర్ 6, భిలాయి,
2 మార్చి 2025

మావయ్యా, అత్తా, ఇద్దరికీ నమస్కారాలు.

పేర్లు 24న ఇచ్చేశాను. కమిటీలో ఒకాయన "కిందటేడు నాలుగు వంతులాడిన పిల్ల మొదటి చోటా?" అని కనుబొమలెగరేశాడు. మీ ఎర్ర సిరా పేజీల ఫొటోలు ముందు పెట్టాను. ఆయన 'స్కోరర్ తప్పు' దగ్గర ఆగి, "ఇలా సొంత తప్పు రాసి సంతకం పెట్టినవాణ్ణి నేను చూడలేదు. ఈయన మిగతాది కూడా నిజమే రాసి ఉంటాడు" అని కాగితం తీసుకున్నాడు. మీ తప్పే ఆ పిల్లకి సాక్ష్యమైంది మావయ్యా.

నిన్న దుర్గ్ జట్టుతో ప్రాక్టీస్ మ్యాచ్. కొత్త జెర్సీలు పదహారూ వచ్చాయి. భాగ్యరేఖ పదిహేనే తీసుకుంది. సొంత జెర్సీ వేసుకున్న సంబరంలో మొట్టమొదటి బంతికే బ్యాట్ ఊపి ఔటైంది. మణిమాల దాని దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పింది. ఏం చెప్పావంటే, "ఇది కూడా నాదే అనుకుని ఆడు అన్నాను దీదీ" అంది. తర్వాత మూడు వంతులు, మూడుసార్లూ బేస్ మీద. రెండుసార్లు మణి కొట్టిన దెబ్బకి ఇంటికి వచ్చింది. మొత్తం ఏడు పరుగులు. మీ అంచనా కంటే ఒకటి ఎక్కువ, దాని గురించి కోప్పడకండి.

భాగ్యరేఖ వాళ్ళ నాన్న డ్యూటీ బట్టలతోనే వచ్చి గోడ పక్కన నిలబడి చూశారు. వెళ్ళేటప్పుడు నాతో, "నాకీ ఆట తెలీదమ్మా. మా పిల్ల ఏటీ కొట్టకుండానే అందరూ సప్పట్లు కొడతన్నారేటి?" అన్నారు. మీరు అత్తకి చెప్పినట్టే చెప్పాను. విని, "ఓపిక దానికి మా అమ్మది వొచ్చినాది" అన్నారు. బట్టల షాపు వాళ్ళని ఎంపికలయ్యేదాకా ఆగమని చెప్పారట.

ఇక మీ సంగతి. ఆ రోజు మూడోసారి కూడా మీరు ఫోన్ తీసుకోకపోతే నేను ఏడ్చాను. కోచ్‌గా నేను పనికిరానని మీ ఉద్దేశం అనుకున్నాను. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని నేనూ గమనించలేదు, కాబట్టి తప్పు ఇద్దరిదీ. రాసుకోండి.

మీ ఉత్తరం పిల్లలకి చదివి వినిపించాను. అడక్కుండా చదివినందుకు తిట్టండి, వినపడేంత దూరంలో లేను. ఎప్పుడూ మాట్లాడని భాగ్యరేఖే లేచి ఒక నియమం చెప్పింది, అందరూ ఒప్పుకున్నారు. ఈ ఏడాది నుంచి జట్టులో మార్పు జరిగితే అంపైర్ చెప్పడంతో సరిపోదు. లోపలికి వచ్చే పిల్ల ముందు మీ బల్ల ఎదురుగా వచ్చి హెల్మెట్ తీసి నిలబడుతుంది. మీరు మొహం చూసి పేరు రాసుకుని తలూపిన తర్వాతే లోపలికి వెళ్తుంది. ఆట ఆగితే ఆగుతుంది. అంపైర్ కూడా సరే అన్నాడు.

అందుకని బల్ల వేసి ఉంచుతున్నాం. మొదటి మ్యాచ్ మార్చి 20, పొద్దున్న ఎనిమిదింటికి. రాకపోతే ఆ కుర్చీలో నరసింగరావు తాతయ్య కూర్చుంటానంటున్నారు. ఆయనకి హిట్‌కీ తప్పుకీ తేడా తెలీదు. మీ ఇష్టం.

మీ
సత్య


గాజువాక,
8 మార్చి 2025

చి. సత్యశ్రీకి,

నరసింగరావుని ఆ కుర్చీ దగ్గరికి రానివ్వకు. 18వ తేదీ దుర్గ్ బండికి మీ అత్తకీ నాకూ టిక్కెట్లు తీశాను.

మీ అత్త నన్ను డాక్టర్ దగ్గరికి ఈడ్చుకెళ్ళి చెవికి మిషన్ పెట్టించింది. ప్రస్తుతానికి మిక్సీ తప్ప ఇంకేమీ స్పష్టంగా వినపడటం లేదు. మిషన్ ఉన్నా లేకపోయినా ఆ పిల్లల నియమం అలాగే ఉంచు.

ఒక్క కోరిక. మ్యాచ్ మొదలవక ముందు, మార్పేమీ లేకపోయినా సరే, భాగ్యరేఖని ఒకసారి నా బల్ల దగ్గరికి పంపు. హెల్మెట్ తీసి రమ్మను. పద్దెనిమిదిసార్లు ఆ పిల్ల ఆట చూసి మెచ్చుకున్నాను. మొహం ఒక్కసారీ చూడలేదు.

మావయ్య